తిరిగే పాదరసం, పక్కకు చూడని టెలిస్కోపు

డిసెంబర్ మొదటి వారంలో అర్ధరాత్రి దాటగానే నాగర్‌కర్నూల్‌లో ఆరుబయట వెల్లకిలా పడుకుంటే రోహిణి నక్షత్రం నడినెత్తిన కనిపిస్తుంది. ఆ ఊరి అక్షాంశం 16 డిగ్రీల 29 నిమిషాలు. రోహిణి క్రాంతి, అంటే ఆకాశంలో దాని అక్షాంశం, 16 డిగ్రీల 33 నిమిషాలు. రెండూ ఇంచుమించు ఒకటే కాబట్టి ఆ చుక్క రోజుకోసారి ఆ ఊరి నెత్తి మీదుగా దాటిపోతుంది.

కొన్ని టెలిస్కోపులు ఆ నడినెత్తిని తప్ప ఇంకెక్కడికీ చూడలేవు. కుడికి తిప్పలేం, ఎడమకు వంచలేం. వాటి అద్దం గాజు కాదు, గుండ్రంగా తిరిగే పాదరసం. వంచితే ఒలికిపోతుంది. మన దేశంలో ఇలాంటిది ఒకటుంది. ఉత్తరాఖండ్‌లో నైనితాల్ దగ్గర దేవస్థల్ కొండ మీద, 2,450 మీటర్ల ఎత్తున, 4 మీటర్ల వ్యాసంతో. ఆర్యభట్ట పరిశోధన సంస్థ ‘ఆరీస్’ ప్రాంగణంలో బెల్జియం, కెనడా, పోలండ్, ఉజ్బెకిస్తాన్ భాగస్వామ్యంతో నిలబెట్టారు. 2022 ఏప్రిల్‌లో తొలిసారి ఆకాశాన్ని చూసింది, 2023 మార్చి 21న లాంఛనంగా ప్రారంభమైంది. పత్రికల్లో ‘చవకైన టెలిస్కోపు’ అని వచ్చింది. చవకైనది అద్దం ఒక్కటే. గాజును అరగదీసే కష్టం తప్పింది కానీ, అంత కష్టమూ పోయి ఇరుసు మీద, మోటారు మీద, కెమెరా మీద పడింది. ఈ టెలిస్కోపు చరిత్ర అంతా ఆ బరువు ఎక్కడెక్కడికి మారిందన్నదే.

అద్దం తనంతట తాను ఎలా తయారవుతుంది?

గ్లాసులో టీ పోసి చెంచాతో తిప్పితే మధ్యలో గుంట పడుతుంది. అది మనక్కావలసిన ఆకారం కాదు. అక్కడ నడుమ టీ వేగంగా, అంచు టీ నెమ్మదిగా తిరుగుతుంది. చెంచా వదిలేసి గ్లాసునే ఒకే వేగంతో తిప్పుతూ ఉంటే, కాసేపటికి ద్రవమంతా గ్లాసుతో పాటు ఒక్క ముద్దగా తిరగడం మొదలవుతుంది. అప్పుడు ఏర్పడేదే అసలైన పారాబోలా.

కారణం సులువే. తిరిగే ద్రవంలో ప్రతి బిందువునూ గురుత్వం కిందికి లాగుతుంది. కేంద్రం నుంచి బయటికి నెట్టే బలం దూరంతో పాటు పెరుగుతుంది. దూరం రెట్టింపైతే నెట్టుడూ రెట్టింపు. ద్రవం పైతలం ఈ రెండింటి మొత్తానికి అడ్డంగా నిలుస్తుంది కాబట్టి దాని వాలు కూడా దూరానికి అనులోమంగా పెరుగుతూ పోతుంది. అలా పెరిగే వాలున్న వక్రం పారాబోలా ఒక్కటే. దూరపు నక్షత్రం నుంచి సమాంతరంగా వచ్చే కాంతినంతా ఒకే బిందువుకు చేర్చేది కూడా అదే.

ఆ బిందువు పేరు నాభి, అద్దం నుంచి దానికున్న దూరం నాభ్యంతరం. దాన్ని కట్టడానికి చిన్న లెక్క చాలు: గురుత్వ త్వరణాన్ని కోణీయ వేగం వర్గానికి రెట్టింపుతో భాగించాలి. ద్రవం సాంద్రత ఈ లెక్కలో రాదు. పాదరసమైనా నూనైనా అదే వేగానికి అదే నాభి. దేవస్థల్ అద్దానికి 8 మీటర్ల నాభ్యంతరం కావాలి, అందుకు ఒక చుట్టుకు 8 సెకన్లకు కాస్త పైన పట్టాలి. ఆ వేగంలో అంచు, మధ్య కంటే 12.5 సెంటీమీటర్లు ఎత్తున నిలుస్తుంది.

ఇదే లెక్కను తిరగేస్తే చిక్కు బయటపడుతుంది. వేగంలో పదిలక్షో వంతు తేడా వస్తే నాభి దానికి రెట్టింపు నిష్పత్తిలో జరుగుతుంది: 8 మీటర్లకు 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కెమెరాలో ఒక్కో పిక్సెల్ 15 మైక్రాన్లు. ఆ మాత్రం జరుగుడుకు నక్షత్రం బొమ్మ అర పిక్సెల్ దాకా పరుచుకుంటుంది. అంటే మోటారు వేగాన్ని పదిలక్షో వంతు మేర పట్టి ఉంచాలి, రాత్రంతా.

నూరేళ్లకు పైగా ఎందుకు పనికిరాలేదు?

ఆలోచన పాతది. నేపుల్స్ వేధశాలలో ఎర్నెస్టో కపోచి 1850లోనే ప్రతిపాదించాడు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో హెన్రీ స్కే 1872లో ప్రయోగశాలలో నడిపి చూపించాడు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1909లో లాంగ్ ఐలాండ్‌లోని ఈస్ట్ హాంప్టన్‌లో ఒక కొట్టంలో గొయ్యి తీయించి, దాంట్లో 51 సెంటీమీటర్ల పాదరసపు పళ్ళెం తిప్పాడు. నక్షత్రాలు కనిపించాయి. మోటారు అదురు పాదరసం మీద అలలుగా తేలింది, వేగం పైకీ కిందికీ పోయి నాభి నిలవలేదు.

వుడ్ ఓడిపోయింది అలల దగ్గరే అని చాలామంది రాస్తారు. అలలు లేకపోయినా ఆ టెలిస్కోపుకు ఆ కాలంలో భవిష్యత్తు లేదు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి నక్షత్రం దృశ్యంలో ఆగదు. మామూలు టెలిస్కోపు దాని వెంట తిరుగుతుంది, ఇది తిరగదు. ఫొటో ప్లేటు పెడితే చుక్క బదులు గీత పడుతుంది. కెనడాలోని లావాల్ విశ్వవిద్యాలయంలో ఎర్మానో బోరా 1982లో ఈ ఆలోచనను మళ్లీ పైకి తెచ్చేసరికి, పాదరసం కంటే ముఖ్యంగా మారింది కెమెరా: ఫొటో ప్లేటు బదులు సీసీడీ కెమెరా వచ్చింది.

సీసీడీలో కాంతి పడిన చోట విద్యుదావేశం పోగవుతుంది. దాన్ని వరుస తర్వాత వరుసగా పక్కకు జరుపుతూ చివర చదువుతారు. మామూలుగా అయితే షట్టర్ మూసి, అప్పుడు జరుపుతారు. ఇక్కడ షట్టర్ మూయరు. నక్షత్రం బొమ్మ చిప్ మీద ఎంత వేగంతో పాకుతుందో, ఆవేశాన్నీ సరిగ్గా అంతే వేగంతో, అదే దిశలో జరుపుతూ పోతారు. బొమ్మ ముందుకు పోతుంటే దాని కింద పోగవుతున్న ఆవేశం కూడా వెంట నడుస్తుంది. ఈ పద్ధతికి టీడీఐ (టైమ్ డిలే ఇంటిగ్రేషన్) అని పేరు. టెలిస్కోపు కదలకుండానే నక్షత్రాన్ని వెంబడించినట్టు.

దేవస్థల్ అంకెలు తీసుకుందాం. దాని నడినెత్తిన ఉండే 29 డిగ్రీల 22 నిమిషాల క్రాంతి దగ్గర ఆకాశం సెకనుకు దాదాపు 13 ఆర్క్‌సెకన్లు జరుగుతుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). ఒక పిక్సెల్ వెడల్పు ఆకాశంలో 0.33 ఆర్క్‌సెకన్లు. కాబట్టి కెమెరా సెకనుకు 40 వరుసలు జరపాలి. చిప్‌లో 4,096 వరుసలు, దాటడానికి 102 సెకన్లు. ప్రతి నక్షత్రానికీ దక్కే సమయం అంతే, ఒక్క సెకను కూడా పెంచలేం. అంతలోనే 22వ ప్రకాశ తరగతి వరకూ అందుతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ వస్తువు మసక). ఇంకా మసక వస్తువులు కావాలంటే మర్నాడు, ఆ మర్నాడు అదే చోటి బొమ్మలను ఒకదాని మీద ఒకటి కలుపుకోవాలి.

టీడీఐలో రెండు తప్పులు మాటిమాటికీ దొర్లుతాయి. గడియారం రేటు కాస్త తప్పితే చుక్కలు తూర్పు పడమరలుగా సాగుతాయి. చిప్ నిలువు వరుసలు ఆకాశం నడిచే దిశకు ఏమాత్రం ఏటవాలుగా ఉన్నా ఉత్తర దక్షిణాలుగా అలుక్కుంటాయి. ఈ రెండో తప్పును అర పిక్సెల్‌కు అదుపు చేయాలంటే చిప్‌ను 25 ఆర్క్‌సెకన్ల కచ్చితత్వంతో తిప్పి బిగించాలి. ఇవి కుదిరినా ఒక చిక్కు మిగులుతుంది. భూమధ్యరేఖ నెత్తిన తప్ప ఇంకెక్కడా నక్షత్రాలు తిన్నగా నడవవు, ధ్రువం చుట్టూ విల్లులా వంగి పోతాయి. పైగా చిప్ ఉత్తరపు అంచులోని నక్షత్రం, దక్షిణపు అంచు నక్షత్రం కంటే నెమ్మదిగా పోతుంది. చిప్ మాత్రం అన్నింటినీ ఒకే వేగంతో తిన్నగానే జరపగలదు. అందుకే కెమెరా ముందు కావాలనే పక్కకు జరిపి, వంచి అమర్చిన కటకాలు పెట్టి, ఆ వంపును కాంతిలోనే సరిచేస్తారు. చవకైన అద్దానికి ఖరీదైన తోడు అంటే ఇదే.

ఈ పద్ధతిలో ఒక లాభం అడగకుండానే వస్తుంది. ప్రతి నక్షత్రమూ ఒక నిలువు వరుసలోని 4,096 పిక్సెళ్ల మీదుగానూ నడుస్తుంది కాబట్టి, ఒక్కో పిక్సెల్ చురుకుదనంలోని తేడాలు వాటికవే సగటైపోతాయి. కాంతి కొలతలు తీసేవాళ్లకు ఇది పెద్ద సుఖం.

పళ్ళెం, పాదరసం, గాలి

4 మీటర్ల చదునైన తొట్టిలో పాదరసం పోసి తిప్పితే ఏమవుతుంది? మధ్యలో 12.5 సెంటీమీటర్ల గుంట పడాలంటే అంచుల వైపు నిండడానికే సుమారు 785 లీటర్లు కావాలి. పాదరసం నీటికి 13.6 రెట్లు బరువు, అంటే పదిన్నర టన్నులకు పైనే. ఏ ఇరుసూ మోయదని కాదు కానీ, అంత లోతైన ద్రవంలో ఏ చిన్న అదురైనా చాలాసేపు ఊగుతుంది. అందుకని పళ్ళేన్నే ముందుగా పారాబోలాకు దగ్గరగా తయారు చేస్తారు. కార్బన్ ఫైబర్‌తో తేలికైన గట్టి పళ్ళెం చేసి, దానిలో ద్రవ పాలీయురేథేన్ పోసి, టెలిస్కోపు నడిచే వేగంతోనే తిప్పుతూ గట్టిపడనిస్తారు. అది పారాబోలాగా బిగుసుకుంటుంది. దాని మీద పాదరసం పలుచని పొరగా పరిస్తే చాలు. దేవస్థల్‌లో పొర మందం 3.5 మిల్లీమీటర్లు, పాదరసం సుమారు 50 లీటర్లు, బరువు 700 కిలోలకు దగ్గర.

పొర పలుచనైన కొద్దీ అలలు త్వరగా చస్తాయి. అలాగని మొదటే పలుచగా పోయడానికి వీల్లేదు. పాదరసానికి తలతన్యత ఎక్కువ, పళ్ళేన్ని అంటుకోదు, ముద్దలు కట్టి నడుమ బొక్కలు వదిలేస్తుంది. ముందు కాస్త మందంగా పోసి, తిప్పి, పొర ఎక్కడా తెగకుండా మూసుకున్నాక, మధ్య నుంచి పంపుతో కొంత తోడి పలుచన చేయడం ఒక పద్ధతి. కెనడాలో పాల్ హిక్సన్ బృందం కట్టిన 6 మీటర్ల టెలిస్కోపులో పొరను ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా దించారు.

ఇరుసు గాలి బేరింగ్. రెండు లోహపు తలాల మధ్య ఒత్తిడితో పంపిన గాలి పొర మీద బరువంతా తేలుతుంది, లోహం లోహాన్ని తాకదు. బాల్ బేరింగ్ పెడితే ఒక్కో గుండు దొర్లిన అదురు అద్దం మీద అలగా కనిపిస్తుంది. గాలి బేరింగ్‌కు కావలసింది తేమ, నూనె, దుమ్ము లేని గాలి, ఆగని కంప్రెసర్. కరెంటు పోయి గాలి ఆగిందో, తిరుగుతున్న లోహం లోహం మీద కూర్చుంటుంది, బేరింగ్ గీసుకుపోతుంది. కాబట్టి పళ్ళెం మెల్లగా ఆగేదాకా సరిపడే గాలిని ట్యాంకుల్లో నిలవ ఉంచడం, యూపీఎస్ పెట్టడం తప్పనిసరి.

అక్షం సరిగ్గా నిట్టనిలువుగా ఉండాలి. ఒక్క ఆర్క్‌సెకను వాలినా 4 మీటర్ల పళ్ళెంలో ఒక అంచు రెండో అంచు కంటే 19 మైక్రాన్లు ఎత్తవుతుంది. ద్రవం మట్టానికి పోవాలని చూస్తుంది, పళ్ళెం దాన్ని లాక్కుపోతుంటుంది, పొర ఒకవైపు పలుచనై అద్దం ఆకారం చెడుతుంది. ఇక గాలి. 4 మీటర్ల పళ్ళెం అంచు గంటకు 5.6 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. ఆ వేగానికి పైనున్న గాలిలో సుడులు పుట్టి పాదరసం మీద సర్పిలాకారపు అలలు లేపుతాయి. విరుగుడుగా పళ్ళెం మీద పలుచటి మైలార్ ప్లాస్టిక్ పొరను, పళ్ళెంతో పాటే తిరిగేలా, బిగుతుగా కప్పుతారు. పొర కొంత కాంతిని తినేస్తుంది. పాదరసం కూడా పడిన కాంతిలో 80 శాతానికి అటూ ఇటుగానే తిప్పి పంపుతుంది, కొత్తగా పూసిన అల్యూమినియం 90 శాతం దాకా పంపుతుంది. ఆ నష్టాన్ని వ్యాసంతో పూడ్చుకోవాలి.

విషం సంగతి దాటవేయకూడదు. పాదరసం ఆవిరి నరాలను, కిడ్నీలను దెబ్బతీస్తుంది. పొర నిలిచాక కొన్ని గంటల్లో పైన సన్నని ఆక్సైడ్ చర్మం ఏర్పడి ఆవిరిని బాగా అణుస్తుంది. ప్రమాదం ఎక్కువగా పోసేటప్పుడూ తోడేటప్పుడూ శుభ్రం చేసేటప్పుడూ. ముసుగు, చేతి తొడుగులు, గాలిలో ఆవిరిని కొలిచే మీటరు లేకుండా లోపలికి వెళ్లకూడదు. ఉంగరం, గొలుసు బయటే వదలాలి, బంగారాన్ని పాదరసం పట్టుకుంటే వదలదు. అల్యూమినియం నిచ్చెనలూ వద్దు, గీత పడిన చోట పాదరసం చేరితే అల్యూమినియం గుల్లవుతుంది.

నల్లగొండలో పెడితే?

ఎండ దగ్గరే లెక్క తప్పుతుంది. 20 డిగ్రీల దగ్గర పాదరసానికి ఉన్న ఆవిరి పీడనం 40 డిగ్రీలకు దాదాపు ఐదు రెట్లవుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో నల్లగొండ, మిర్యాలగూడ వైపు రేకుల షెడ్డులో పాదరసం ఉంచడం అంటే గదినే విషపు గది చేసుకోవడం. చల్లబరిచిన గది కావాలి, రాత్రి పైకప్పు తెరిచేసరికి లోపలి ఉష్ణోగ్రత బయటితో సమానం కావాలి, లేకపోతే అద్దం మీద వేడి గాలి లేచి బొమ్మ వణుకుతుంది. క్వారీల దుమ్ము, పేలుళ్ల అదురు వేరే. గ్రానైట్ నేల పునాదికి మంచిదే కానీ అదురును కూడా అంతే చక్కగా మోసుకొస్తుంది. చీకటి, ఎత్తు చూస్తే అమ్రాబాద్ నల్లమల పీఠభూమి నయం. వానాకాలం మూత ఎక్కడైనా తప్పదు, దేవస్థల్ కూడా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మూతే.

అసలు ఆసక్తి ఎక్కడంటే, ఊరు మారితే ఆకాశం మారుతుంది. దేవస్థల్ కెమెరా చూసే పట్టీ వెడల్పు 22 ఆర్క్‌నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక ఆర్క్‌నిమిషం). నేల మీద ఒక ఆర్క్‌నిమిషం అక్షాంశం 1.85 కిలోమీటర్లు. అంటే ఉత్తరానికో దక్షిణానికో 40 కిలోమీటర్లు జరిగితే పూర్తిగా వేరే పట్టీ. నల్లగొండ 17 డిగ్రీల 3 నిమిషాలు, మహబూబ్‌నగర్ 16 డిగ్రీల 44 నిమిషాలు. రెండు ఊళ్లలో రెండు టెలిస్కోపులు పెడితే ఒకటి చూసింది రెండోది దాదాపు చూడదు. నాగర్‌కర్నూల్‌లో పెడితే రోహిణి నేరుగా చిప్ మీదికి వస్తుంది. వినడానికి బాగుంటుంది కానీ అది శాపం. అంత ప్రకాశమున్న చుక్క పిక్సెళ్లను నింపేసి పక్కలకు పొర్లుతుంది, ఆ చుట్టుపక్కల బొమ్మ పాడవుతుంది. నల్లగొండ పట్టీ మార్చి, ఏప్రిల్ రాత్రుల్లో కన్యారాశి గెలాక్సీ గుంపు ఉత్తరపు అంచును తాకుతూ పోతుంది, ఖగోళవేత్త ఎవరైనా దాన్నే కోరుకుంటారు.

ఆ పట్టీ కూడా శాశ్వతం కాదు. భూమి అక్షం మెల్లగా ఊగడం వల్ల నక్షత్రాల క్రాంతి ఏడాదికి 20 ఆర్క్‌సెకన్ల దాకా మారుతుంది. అంచున ఉన్నవి కొన్నేళ్లకు చేజారి, కొత్తవి లోపలికొస్తాయి.

పట్టీలుగా ఆకాశాన్ని కొలవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. హైదరాబాద్ నిజామియా వేధశాల ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అంతర్జాతీయ నక్షత్ర పట్టికలో దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న వాటాను తీసుకుని ఫొటో ప్లేట్ల మీద నక్షత్రాల స్థానాలు కొలిచింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం సాగర్ రోడ్డు వైపు జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల గాజు అద్దపు టెలిస్కోపు పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నీడ రంగాపూర్ మీదుగానే పోయింది. అక్కడ పాదరసపు టెలిస్కోపు ఉన్నా ఆ గ్రహణాన్ని చూడగలిగేది కాదు, ఆ రోజు సూర్యుడు రంగాపూర్ నడినెత్తికి రాలేదు కదా.

మరి దేనికి పనికొస్తుంది? రాత్రి తర్వాత రాత్రి అదే పట్టీ, అదే కెమెరా, అదే కోణం. నిన్నటి బొమ్మను ఇవాళ్టి బొమ్మలోంచి తీసేస్తే మారినదే మిగులుతుంది: పేలిన నక్షత్రం (సూపర్‌నోవా), మెరుపు మారిన క్వేజార్ (చాలా దూరపు గెలాక్సీ నడుమ వెలిగే కేంద్రం), జరిగిన గ్రహశకలం. దారిలోని గెలాక్సీ గురుత్వం కటకంలా కాంతిని వంచడం వల్ల రెండు మూడు బొమ్మలుగా కనిపించే క్వేజార్లలో ఒక బొమ్మ వెలుగు ముందు మారి, మరొకటి ఆలస్యంగా మారుతుంది. ఆ ఆలస్యాన్ని కొలవాలంటే ఏళ్ల తరబడి అదే చోట చూడాలి. పెద్ద గాజు టెలిస్కోపులో అన్ని రాత్రులు ఎవరికీ ఇవ్వరు. దేవస్థల్‌లో పక్కనే 3.6 మీటర్ల గాజు టెలిస్కోపు ఉంది, పాదరసం పట్టిచ్చిన దాన్ని వెంటనే అది తిరిగి వర్ణపటం తీయగలదు. నాసా 3 మీటర్ల ద్రవ అద్దాన్ని న్యూ మెక్సికోలోని క్లౌడ్‌క్రాఫ్ట్‌లో 1990ల్లో అంతరిక్ష చెత్తను లెక్కపెట్టడానికి వాడింది. నెత్తి మీదుగా దాటే ముక్క ఎటునుంచి వచ్చినా గీత గీసిపోతుంది. కెనడాలో లేజర్‌తో పై వాతావరణాన్ని కొలిచేవాళ్లూ వీటిని వాడారు, వాళ్లు చూడాల్సింది ఎలాగూ నిట్టనిలువుగా పైకే.

ఆముదంతో అద్దం

సూత్రాన్ని కళ్లారా చూడాలంటే పాదరసం జోలికి పోకండి. పాత థర్మామీటర్లు, బీపీ మిషన్లు పగలగొట్టడం అసలే వద్దు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే ఆముదం చాలు. చిక్కనిది కాబట్టి అలలు లేవవు, ఆవిరి కాదు.

పనిచేసే పాత రికార్డ్ ప్లేయర్ ఒకటి, 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న నిటారు అంచుల చదును పళ్ళెం ఒకటి తీసుకోవాలి. రికార్డ్ ప్లేయర్ మధ్యలో పొడుచుకొచ్చే మేకు అడ్డం వస్తుంది కాబట్టి ప్లైవుడ్ చక్రం ఒకటి కోసి, దాని అడుగున మేకుకు సరిపడా గుంట చేసి, పైన పళ్ళెం అంటించాలి. 300 మిల్లీలీటర్ల ఆముదంలో చెంచాడు దీపపు మసి కలిపితే నల్లబడి అడుగు కనిపించదు. నల్లగా లేకపోతే అడుగు నుంచి వచ్చే వెలుగు అసలు బొమ్మను ముంచేస్తుంది. కలిపినప్పుడు చేరిన గాలి బుడగలు ఆముదంలో ఓ పట్టాన పోవు, రాత్రంతా నిలవనివ్వాలి.

నిమిషానికి 33 చుట్ల పైచిలుకు తిరిగే మీట మీద పెడితే నాభ్యంతరం 40 సెంటీమీటర్లు, అంచు మధ్య కంటే 6 మిల్లీమీటర్లు ఎత్తు. పళ్ళేనికి 2 మీటర్ల పైన బల్బు వేలాడదీసి, మిగతా దీపాలు ఆపి, తీగ చివర అంటించిన రెండు మూడు సెంటీమీటర్ల ట్రేసింగ్ కాగితాన్ని పళ్ళెం మధ్యన 50 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకోవాలి. ఆముదం పడిన కాంతిలో 4 శాతమే తిప్పి పంపుతుంది, అయినా చీకటి గదిలో బల్బు బొమ్మ స్పష్టంగా పడుతుంది. మీటను 45కు మారిస్తే ఆ బొమ్మ చెదిరిపోతుంది, కాగితాన్ని 25 సెంటీమీటర్లకు దించితే మళ్లీ కుదురుతుంది. పళ్ళెం మేకు మీద కొంచెం పక్కకు కూర్చున్నా బెంగ లేదు, అద్దానికి నడుమ ఇరుసే తప్ప పళ్ళెం కాదు. బొమ్మ ఒక పక్కకు సాగి ఆకారం చెడితే రికార్డ్ ప్లేయర్ మట్టం లేదని అర్థం, మట్టపు గొట్టం పెట్టి కాళ్ల కింద మడిచిన కాగితాలు తోయాలి. బొమ్మ సన్నగా అదురుతుంటే అది మోటారు పని, ప్లైవుడ్‌కూ రికార్డ్ పళ్ళేనికీ మధ్య పలుచటి స్పాంజి ముక్క వేస్తే చాలావరకు తగ్గుతుంది.